సంచి అప్పగించు, బిడ్డని కాదు

(ఈ ప్రశ్న, సమాధానం 2021లో దీపావళికి ముందు రాసినవి. ఇందులోని కరోనా, ప్రయాణ నిబంధనలు అప్పటివి.)

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పురిటికి పుట్టింటికొచ్చి ఇక్కడే ఉండిపోయాను. బాబుకి ఏడో నెల. మా ఆయన ఉద్యోగం పుణేలో. బారసాలకి వచ్చి నాలుగు రోజులుండి వెళ్లారు. ఆ తర్వాత కరోనా సెకండ్ వేవ్ వచ్చింది, ఆయన కొత్త ఉద్యోగంలో చేరారు, సెలవు దొరకలేదు. బాబుని ఫోన్లోనే చూసుకుంటున్నారు. దీపావళి వెళ్లగానే విమానంలో వచ్చెయ్యమంటున్నారు. రాజమండ్రిలో ఎక్కి హైదరాబాద్‌లో మారాలట. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. నాన్నగారు రైల్లో దింపుతానంటారు, ఆయనకి షుగరు. అత్తయ్యగారు సంక్రాంతి వెళ్లాక చూద్దామంటున్నారు. చుట్టుపక్కల వాళ్లు ‘ఈ రోగం రోజుల్లో పసిగుడ్డుని పట్టుకుని ఒక్కదానివీ ఎలా పోతావే’ అంటున్నారు. ఆగస్టు 20న కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నాను. బాబుకేమైనా అయితే అందరూ నన్నే అంటారని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వెళ్లమంటారా? వెళ్తే ఎలా వెళ్లాలి?
– ఒక చెల్లి, కోనసీమ

సమాధానం: చెల్లీ, నువ్వు రెండు ప్రశ్నలడిగావు. వాటి కింద ఇంకోటుంది. ప్రశ్నలా రాయలేదు గానీ నీకు నిద్ర లేకుండా చేస్తున్నది అదే. ‘బాబుకేమైనా అయితే నన్నే అంటారు.’ ముందు దాని సంగతి చూద్దాం.

బిడ్డకి జలుబు చేస్తే తల్లి తలంటు పోసుకుందంటారు, కడుపు కదిలితే తల్లి పడనిదేదో తిన్నదంటారు. మన ఇళ్లలో ఈ మాటలు ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు వాటికి కరోనా భయం తోడైంది. అయితే ఈ ప్రయాణం నువ్వు సరదా పడి పెట్టుకున్నది కాదు. బిడ్డ తండ్రి రమ్మంటున్నాడు, నువ్వు వెళ్దామనుకుంటున్నావు. అంటే నిర్ణయం ఇద్దరిదీ. ఆ సంగతి అందరికీ తెలియాలి. ఒక సాయంత్రం మీ అమ్మానాన్నల్ని, అత్తయ్యగారినీ మావయ్యగారినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టు. ‘రమ్మన్నది నేను, తేదీ ఇద్దరం కలిసి అనుకున్నాం, మంచైనా చెడైనా ఇద్దరిదీ’ అని మీ ఆయన తన నోటితో చెప్పాలి. నువ్వు ఆయన తరఫున చెబితే లాభం లేదు. ఆయన ఆ ఒక్క మాట అంటే నీ భారం సగం దిగుతుంది. ఈ పని చెయ్యకుండా టిక్కెట్టు బుక్ చెయ్యొద్దు.

అత్తయ్యగారి మీద మాత్రం కోపం తెచ్చుకోకు. ఈ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఏం జరిగిందో ఆవిడ కళ్లారా చూసుంటారు. ఆవిడ భయం నీ బిడ్డ మీది ప్రేమే.

ఇక వెళ్లాలా వద్దా అంటావా, వెళ్లు. కాకపోతే దీపావళి మర్నాడే కాదు, అలాగని సంక్రాంతి దాకా ఆగనూ అక్కర్లేదు. లెక్క చెబుతాను చూడు. కోవిషీల్డ్ రెండో డోసుకి ఈ 2021లో 84 రోజుల గడువు పెట్టారు. ఆగస్టు 20 నుంచి లెక్కేస్తే నవంబరు 12కి ఆ గడువు నిండుతుంది. అదే రోజు వేయించుకో. ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, జ్వరం రావచ్చు. బిడ్డని అందుకోవడానికి పక్కన మీ అమ్మ ఉన్నప్పుడే అది అయిపోవడం మంచిది. అక్కణ్ణుంచి 14 రోజులకి, అంటే 26కి, టీకా పూర్తి రక్షణ వచ్చినట్టు. 28 ఆదివారం. ఆ రోజుకి టిక్కెట్టు తీసుకో.

ఈ మూడు వారాలు ఆగితే ఇంకో లాభం ఉంది. ఈ 2021లో రెండు డోసులూ పూర్తయి 14 రోజులు దాటినవాళ్లని మహారాష్ట్ర ఆర్టీపీసీఆర్ రిపోర్టు అడగడం లేదు. మిగతావాళ్లు 72 గంటల లోపు చేయించిన నెగెటివ్ రిపోర్టు చూపించాలి. దీపావళికే బయల్దేరితే ఆ పరీక్ష కోసం పసివాణ్ణి ఎత్తుకుని అమలాపురమో రాజమండ్రో తిరగాలి. ఆ క్యూలో నిలబడడం విమానం ఎక్కడం కన్నా ప్రమాదం. అయితే ఈ నిబంధనలు ఎప్పుడు మారతాయో చెప్పలేం. ప్రయాణానికి వారం ముందోసారి, రెండు రోజుల ముందోసారి విమాన సంస్థ వెబ్‌సైట్ చూసుకునే పని మీ ఆయనకి అప్పగించు. బిడ్డకి కూడా రిపోర్టు లాంటిదేమైనా కావాలేమో ఆయన్నే ఫోన్ చేసి కనుక్కోమను. ఆయన అక్కడ కూర్చుని చెయ్యగలిగిన పనులు ఇవే.

పాలిచ్చే తల్లి టీకా వేయించుకోవచ్చా అని మీ ఇంట్లో ఎవరైనా మళ్లీ మొదలుపెడితే, బాలింతలకి టీకా వెయ్యొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ మే 19నే చెప్పిందని చెప్పు. టీకా వేశాక పాలు ఆపక్కర్లేదు, ఒక్క పూట కూడా. టీకా వేయించుకున్న తల్లుల పాలలో ఈ వైరస్‌ని ఎదుర్కొనే యాంటీబాడీలు కనిపించాయని పరిశోధనల్లో తేలింది కూడా.

ఆదివారం అని ఎందుకన్నానంటే, మీ ఆయనకి సెలవు లేదన్నావు గానీ ఆదివారం ఉంటుంది కదా. పొద్దున పుణే నుంచి హైదరాబాద్ వచ్చి, నువ్వు ఎక్కే విమానంలోనే మీతో తిరిగి వెళ్లొచ్చు. రానూపోనూ టిక్కెట్టు ఖర్చు అవుతుంది, నిజమే. బారసాల తర్వాత మళ్లీ బిడ్డని ఎత్తుకోని తండ్రికి ఆ ఖర్చు పెద్దదని నేననుకోను. మొహమాటపడకుండా అడుగు. కుదరదంటే మాత్రం దాని మీద గొడవ పడకు. ఒక్కదానివీ వెళ్లగలవు. ఇక్కణ్ణుంచి నేను రాసేదంతా నువ్వు ఒక్కదానివే వెళ్తున్నావనుకునే.

నాన్నగారి రైలు మాట వద్దని నా సలహా. రాజమండ్రిలో కోణార్క్ ఎక్కితే పుణేకి దాదాపు ఒక రోజంతా పడుతుంది. ఈ 2021లో ఏసీ బోగీల్లో దుప్పట్లు, తెరలు కూడా ఇవ్వడం లేదు. స్టేషను స్టేషనుకీ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు. మాస్కు గడ్డం కిందకి దించి భోజనం చేసేవాళ్లు. షుగరున్న మనిషి ఒక రోజంతా అందులో కూర్చుని వెళ్లి, మళ్లీ ఒక రోజంతా ఒంటరిగా తిరిగి రావాలి. విమానమైతే రెండూ కలిపి గాల్లో ఉండేది రెండున్నర గంటలు. నాన్నగారి ప్రేమ వృథా పోనక్కర్లేదు. మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం గేటు దాకా ఆయనే దింపుతారు.

విమానంలో గాలి గురించి కూడా చాలా భయపెట్టి ఉంటారు. హైదరాబాద్ నుంచి ఎక్కే జెట్ విమానాల్లో గాలిని వడకట్టే హెపా ఫిల్టర్లుంటాయి. 0.3 మైక్రాన్లంత సన్నటి కణాల్ని కూడా నూటికి 99.97 దాకా పట్టేస్తాయి. లోపలి గాలి రెండు మూడు నిమిషాలకోసారి మారిపోతుంది. రాజమండ్రిలో ఎక్కేది ఎక్కువగా ఏటీఆర్ అనే చిన్న విమానం, బయటికి పంకాలు కనిపిస్తూ తిరుగుతాయి. దాన్లోకి కూడా బయటి గాలి వస్తూనే ఉంటుంది, ప్రయాణం గంటా గంటంబావు. నన్నడిగితే అసలు జాగ్రత్త పడాల్సింది సీట్లో కూర్చున్నాక కాదు. క్యూలో, బస్సులో, దిగేటప్పుడు అందరూ ఒక్కసారి లేచి తోసుకునే ఆ పది నిమిషాల్లో. దిగేటప్పుడు నువ్వు లేవకు. అందరూ వెళ్లిపోయాక చివర్న లే.

దాని కన్నా ముందు జాగ్రత్త పడాల్సింది మీ ఇంట్లో. నవ్వకు, నిజంగా చెబుతున్నాను. 28న ప్రయాణమంటే నవంబరంతా కార్తీకమాసం. వనభోజనాలు, నోములు, దీపాలు. పైగా ‘పసివాడు వెళ్లిపోతున్నాడట’ అని చుట్టాలు వరసగా వస్తారు. ప్రతి ఒక్కరూ ఎత్తుకుంటారు, బుగ్గలు పుణుకుతారు, మూతి మీద ముద్దు పెడతారు. విమానంలో ఎవరూ నీ బిడ్డ మూతి మీద ముద్దు పెట్టరు కదా! ఆఖరి రెండు వారాలూ ఇల్లు కట్టుదిట్టం చేసుకో. వచ్చినవాళ్లని వీధి అరుగు మీదే కూర్చోబెట్టి, అక్కణ్ణుంచే చూపించు. ముద్దు పెట్టకుండా ఉండలేని అమ్మమ్మలుంటారు, వాళ్లకి పాదాలు చూపించు. ‘డాక్టరుగారు ఎత్తుకోనివ్వద్దన్నారు’ అనమని మీ అమ్మకి చెప్పు. ఈ మాట అమ్మ అంటే ఎవరూ ఏమీ అనుకోరు, నువ్వంటే పొగరంటారు. బయల్దేరే ముందు బిడ్డని డాక్టరుగారికి చూపించి, బరువు తూయించి, జ్వరమొస్తే చుక్కల మందు ఎంత వెయ్యాలో కాగితం మీద రాయించుకో. అప్పుడు ఆ మాట అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు చేతుల సంగతి. ఈ ఉత్తరం మొత్తంలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే.

పోయినేడు అక్టోబరులో మా పాపకి ఎనిమిదో నెల నడుస్తుండగా, పాలకొల్లు వైపు మా ఇంటి నుంచి బెంగళూరుకి నేనూ ఒక్కదాన్నే వెళ్లాను. ఎడమ చేతిలో పాప, కుడి భుజానికి డైపర్ల సంచి, ఆ చేత్తోనే చక్రాల సూట్‌కేసు. మొహానికి మాస్కు, పైన ప్లాస్టిక్ షీల్డు. పాప ఊపిరికి ఆ షీల్డు మసకబారి ఏమీ కనిపించడం లేదు. కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ ఇచ్చారు. చేతులు రెండూ నిండిపోయినప్పుడు కాగితం పెదాల మధ్య పెట్టుకోవడం మనకి అలవాటు కదా. అలాగే నోటి దగ్గరికి తీసుకెళ్లాను. మాస్కు ఉంది. కాగితం జారి కింద పడింది. పాపతో వంగలేను. సంచి కింద పెడదామంటే నేల మీద పెట్టాలంటే భయం. వెనకాల జనం నేల మీద గీసిన గుండ్రాల్లో నిలబడి ఉన్నారు. ఎవరి గుండ్రంలోంచి వాళ్లు కదల్లేదు. వాళ్లని తప్పు పట్టను, ఆ ఏడాది అందరి భయం అలాంటిది. పాప ఏడుపు మొదలుపెట్టింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు వెనకనుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, నేత చీర, మాస్కు మీద కొంగు కూడా చుట్టుకుంది. రెండడుగుల దూరంలో ఆగి, ‘పాపని ముట్టుకోన్లే అమ్మా, భయపడకు. ఆ సంచి ఇలా ఇయ్యి’ అంది. సంచిని పట్టీతో అందుకుని తన ట్రాలీ మీద పెట్టుకుంది. కాగితం తీసి సంచి పక్క జేబులో దోపింది. సెక్యూరిటీ దాకా ఆ దూరం తగ్గించకుండా నా పక్కన నడిచింది. ఆవిడ ఊరూ పేరూ నేను అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను ఆ రోజు నేర్చుకున్నది నీకు చెబుతున్నాను. సాయం అడగడానికి సిగ్గుపడకు. కానీ అడిగేటప్పుడు సంచి అప్పగించు, బిడ్డని కాదు. మామూలు రోజుల్లో మనవాళ్లు ‘బిడ్డని ఇటివ్వమ్మా, నువ్వు సంచి సర్దుకో’ అంటారు. ఈ రోజుల్లో అది తిరగేసుకోవాలి. ఎవరైనా బిడ్డకోసం చేతులు చాస్తే, వాళ్ల మనసు నొచ్చుకోకుండా, ‘వీడు కొత్త మొహం చూస్తే ఏడుస్తాడండీ, కాస్త ఈ సంచి పట్టుకుంటారా’ అను. చెకిన్ కౌంటర్లో ముందుగానే చెప్పు: ‘మొదటిసారి వెళ్తున్నానండీ, చంటిబిడ్డ ఉన్నాడు, హైదరాబాద్‌లో మారాలి, ఎవరైనా సాయం ఉంటే బావుంటుంది.’ సిబ్బంది పంపుతారు. టిక్కెట్టు బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి చెప్పిస్తే ఇంకా మంచిది.

నీ రెండు చేతులూ బిడ్డవే అనుకుని సామాను సర్దుకో. చక్రాల సూట్‌కేసు లగేజీలో పడెయ్యి, చేత్తో లాక్కెళ్లేది ఏదీ వద్దు. వీపుకి తగిలించుకునే సంచి ఒకటి. మెడలోంచి అడ్డంగా వేసుకునే చిన్న జిప్పు సంచి ఒకటి. అందులో ఆధార్, బోర్డింగ్ పాసులు, బాబు జనన ధృవీకరణ పత్రం, టీకాల కార్డు, నీ వ్యాక్సిన్ సర్టిఫికెట్, ఫోను, మాస్కులు నాలుగు. అవి తప్ప ఇంకేమీ పెట్టకు, వెతుక్కోనక్కర్లేకుండా. రెండేళ్లలోపు బిడ్డకి సీటు ఉండదు గానీ టిక్కెట్టులో పేరు ఉండాలి, పుట్టిన తేదీ రుజువు చూపించాలి. జనన ధృవీకరణ పత్రం ఇంకా తీసుకోకపోతే రేపే నాన్నగారిని పంపు. తొమ్మిది నెలలు నిండాక వెయ్యాల్సిన టీకా పుణేలో వేయించాలి, అందుకూ కార్డు కావాలి.

బిడ్డని ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి ఇప్పుడే కొనుక్కుని, ఈ నెలంతా ఇంట్లో రోజూ అరగంట అందులో తిప్పు. ఆ రోజే కొత్తగా కడితే వాడు ఒప్పుకోడు. మెట్లెక్కేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మధురపూడిలో విమానం దాకా వెళ్లి నిచ్చెన మెట్లెక్కాలి, గాలి కొడుతుంది, ఒక చెయ్యి కమ్మీకి కావాలి. అలాగే మాస్కు పెట్టుకుని రోజూ కాసేపు వాడితో ఆడుకో. మాస్కు తీసి ‘బూ’ అను, పెట్టుకుని మళ్లీ ‘బూ’ అను. నీ కళ్లు చూసే నిన్ను గుర్తుపట్టడం వాడికి అలవాటవుతుంది, మాస్కు పీకెయ్యాలన్న సరదా కూడా కొంత తీరుతుంది.

వాడికి మాత్రం మాస్కు పెట్టకు. ఐదేళ్లలోపు పిల్లలకి మాస్కు అక్కర్లేదని మన ఆరోగ్య శాఖే చెప్పింది. రెండేళ్లలోపు వాళ్లకి అది ప్రమాదం, ఊపిరి ఆడకపోతే తీసేసుకోలేరు. బుల్లి ప్లాస్టిక్ షీల్డులు అమ్ముతున్నారు, అవీ వద్దు. కొంగు మొహం మీద కప్పేసి ఉంచొద్దు. శానిటైజర్ నీ చేతులకి రాసుకో, వాడి చేతులకి రాయకు. ఆ వయసులో పది నిమిషాలకోసారి గుప్పెడు నోట్లోకి వెళ్తుంది. తడి గుడ్డతో తుడిస్తే చాలు. ఆ గుడ్డలు ఇంట్లోనే మెత్తటి పాత నూలు చీర ముక్కలు చించి, ఉతికి, ఎండబెట్టి పది మడతలు పెట్టుకో.

మీ అమ్మ కట్టే మూటల గురించి నాకు తెలుసు. పూతరేకులు సరే. ఆవకాయ సీసా చేతి సంచిలో రానివ్వరు. ఎండుకొబ్బరి అసలు పెట్టొద్దు. అంబాజీపేట పిల్లవి, ‘కొబ్బరి లేకుండా ఎలా వెళ్తావే’ అంటారు. నూనె ఎక్కువుండి మండే సరుకు కాబట్టి విమానంలో లగేజీలో కూడా ఒప్పుకోరు. కౌంటర్ దగ్గర పెట్టె విప్పించి తీయిస్తే, బిడ్డనెత్తుకుని ఆ జనంలో నువ్వు నేల మీద కూర్చోవాలి. అవన్నీ పార్సిల్లో పంపమను.

బిడ్డ తిండి విషయంలో కంగారు పడకు. నీ పాలున్నాయి, దాన్ని మించింది లేదు. ఉగ్గు, జావ పొద్దున చేసి సాయంత్రం దాకా డబ్బాలో మోసుకెళ్లొద్దు, పులుస్తుంది. రావులపాలెంలో కారాపి నాలుగు చక్రకేళీలు తీసుకో. అరటిపండుకి తొక్కే మూత. నువ్వు చెయ్యి శుభ్రం చేసుకుని వలిచి, చెంచాతో గీరి పెడితే ఎవరి చెయ్యీ తగల్లేదన్న ధైర్యం ఉంటుంది. పాలు, పిల్లల ఆహారం, కాచి చల్లార్చిన నీళ్లు సెక్యూరిటీలో రానిస్తారు, అడిగితే చూపించు. నువ్వు తినడానికి కూడా పెట్టుకో. రెండు గంటల లోపు ప్రయాణమైతే విమానంలో భోజనం ఇవ్వడం ఈ 2021 ఏప్రిల్‌లో ఆపేశారు. పాలిచ్చే తల్లి కడుపు మాడ్చుకోకూడదు. నాలుగు ఇడ్లీలు తినేసి కారెక్కు, సంచిలో ఇంకో పొట్లం ఉంచుకో.

ఇంటి దగ్గర విమానం టైముకి ఐదు గంటల ముందు బయల్దేరండి. మామూలుగా రెండున్నర గంటల దారే. జొన్నాడ వంతెన మీద లారీలు ఆగినా, కడియపులంక దగ్గర మొక్కల బండ్లు అడ్డమొచ్చినా టెన్షన్ పడక్కర్లేకుండా ఉంటుంది. తెలిసిన డ్రైవరైతే మంచిది, మాస్కు పెట్టుకోమని, కిటికీలు కాస్త దించమని చెప్పండి. విమానాశ్రయం చేరాక లోపలికి వెళ్లకముందే కార్లోనే కూర్చుని పాలివ్వు, డైపర్ మార్చు. నాన్నగారిని లోపలికి రానివ్వరు. బిడ్డని ఆయన చేతుల్లో ఉంచి, నువ్వు సంచి తగిలించుకుని, క్యారియర్ బిగించుకుని, అప్పుడు బిడ్డని అందుకో.

సీటు కిటికీ వైపు తీసుకో, నీ పక్కనుంచి జనం రాసుకుంటూ పోరు. జెట్ విమానంలో మధ్య సీటు మాత్రం ఒప్పుకోకు. కరోనా వల్ల ఈ 2021లో మధ్యలో కూర్చున్నవాళ్లకి ఒంటి చుట్టూ చుట్టుకునే గౌను ఇస్తున్నారు, అది వేసుకుని పాలివ్వడం కుదిరే పని కాదు. కూర్చోగానే ఎయిర్‌హోస్టెస్‌ని బిడ్డ బెల్టు అడుగు. చిన్న బెల్టు, నీ బెల్టుకే తగిలిస్తారు. నీ బెల్టే ఇద్దరి చుట్టూ చుట్టెయ్యకూడదు, కుదుపొస్తే బిడ్డ పొట్ట నలుగుతుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు క్యారియర్లోంచి తీసి ఒళ్లో పెట్టుకోవాలి.

చెవుల నొప్పి గురించి అందరూ చెప్పి ఉంటారు. లేచేటప్పుడు కన్నా దిగేటప్పుడే ఎక్కువ. మింగుతుంటే చెవి తెరుచుకుంటుంది, అందుకే పాలు. అయితే చాలామంది చేసే పొరపాటు, విమానం నేల తాకబోతుండగా రొమ్ము అందించడం. నేల తాకడానికి ఇరవై ముప్పై నిమిషాల ముందే విమానం కిందికి దిగడం మొదలుపెడుతుంది. ‘దిగుతున్నాం’ అని మైకులో చెప్పగానే పట్టు. నిద్రపోతున్నా మెల్లగా లేపి పట్టు. అందుకని ఎక్కే ముందు మరీ కడుపు నిండా ఇవ్వకు, కాస్త ఆకలి ఉంచు. తాగనని ఏడిస్తే ఏడవనీ. ఏడ్చినా చెవులు తెరుచుకుంటాయి. పక్కవాళ్లు విసుక్కుంటారేమోనని చూడకు. ప్రయాణంలో నిద్రపోతాడని జలుబు సిరప్ తాగించమని ఎవరో ఒకరు చెబుతారు. వాళ్లెంత పెద్దవాళ్లైనా సరే, వినకు. పసిపిల్లలకి అది ఊపిరి మీదికి తెస్తుంది.

హైదరాబాద్‌లో మారే రెండు విమానాల టిక్కెట్లూ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోండి, లగేజీ నేరుగా పుణేకి వెళ్లిపోతుంది. మధ్యలో రెండు గంటలకి తక్కువ కాకుండా, నాలుగు గంటలకి ఎక్కువ కాకుండా ఉండాలి. శంషాబాద్‌లో తల్లులకి, పిల్లలకి విడిగా గది ఉంటుంది. దిగగానే అదెక్కడో అడుగు. డైపర్, పాలు, నీ మొహం కడుక్కోవడం అన్నీ అక్కడే కానిచ్చి, జనం లేని మూల కుర్చీ చూసుకుని కూర్చో.

ప్రయాణం నాటికి నీకు గానీ బాబుకి గానీ ఇంట్లో ఎవరికైనా గానీ జ్వరం, దగ్గు ఉంటే వెళ్లొద్దు. డబ్బు పోతే పోయింది. తేదీ మార్చుకునే వీలున్న టిక్కెట్టు కొంచెం ఎక్కువైనా అదే తీసుకోమను. ఒకవేళ నీకు కరోనా వచ్చిందే అనుకో, మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలిస్తూనే ఉండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. బిడ్డని వేరే గదిలో పెట్టి డబ్బా పాలు పట్టమని ఎవరన్నా ఒప్పుకోకు.

ఇంకొక్క సంగతి, ఇది మీ ఆయనకి. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. బాబుకి అప్పటికి దాదాపు ఎనిమిది నెలలుంటాయి. ఆ వయసులో పిల్లలు కొత్తవాళ్లని చూసి జడుసుకుంటారు. పుణే విమానాశ్రయం బయట తండ్రి మాస్కు పెట్టుకుని నిలబడి ఉంటాడు. రోజూ ఫోన్లో చూసిన మొహం అక్కడ కనబడదు. ఆయన ఆత్రంగా చేతులు చాస్తారు, వీడు నీ మెడ పట్టుకుని ఏడుస్తాడు. ఆయనకి బాధనిపిస్తుంది. అందుకని ముందే చెప్పు: మొదట సూట్‌కేసు అందుకోమను. కార్లో వెనక సీట్లో మీ పక్కన కూర్చుని, కిటికీలు కాస్త దించి, వీడియో కాల్‌లో రోజూ ఎలా పిలుస్తారో అలాగే, ఆ ముద్దు పేరుతోనే పిలవమను. గొంతు వీడికి తెలుసు. ఇంటికెళ్లి ఇద్దరూ చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, అప్పుడు మాస్కు తీసి దగ్గర కూర్చోమను. ఎత్తుకోవద్దు, వేలు అందించమను చాలు. మా పాప రెండు రోజులు వాళ్ల నాన్న వంక చూడను కూడా లేదు. మూడో రోజు పొద్దున ఆయన షేవింగ్ చేసుకుంటుంటే పాక్కుంటూ వెళ్లి కాలు పట్టుకుని లేచి నిలబడింది.